పాత ఫోటోలో కట్టు, బొట్టు, నగలు చదవడం ఎలా?

"ఈ ఫోటోలో ఉన్నది ఏ తెగవాళ్ళు?" "మెడలో ఉన్నది కంటేనా, ఇంకేదైనానా?" "మా ముత్తవ్వ ఫోటో ఇది, ఏ కాలందో చెప్పగలరా?" ఈ ప్రశ్నలు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్ళలో పరిశోధన చేసే పిల్లలుంటారు, నాటకాలకీ సినిమాలకీ దుస్తులు చూసేవాళ్ళుంటారు, పెట్టె అడుగున దొరికిన ఫోటో పట్టుకుని ఎవర్ని అడగాలో తెలియనివాళ్ళుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఫోటో వేరు, ఫోటో కింద రాసిన మాట వేరు. ఫోటోలో మనిషి ఉన్నారు, బట్ట ఉంది, నగ ఉంది. కింద రాసినది మాత్రం ఇంకెవరో, చాలాసార్లు ఆ మనిషి భాష కూడా రాని వాళ్ళు, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత రాసినది. రెండిటినీ కలిపి చదివితే కళ్ళు కింద రాసినదాన్నే చూస్తాయి. కాబట్టి విడిగా చదవాలి, ముందు ఫోటోని చదవాలి.

నేను మాట్లాడుతున్నది ప్రధానంగా మన ప్రాంతం ఫోటోల గురించి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాలుగా వేసిన కులాలు–తెగల పుస్తకంలోని ఫోటోలు, హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఫోటోలు, 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ తీసిన చెంచుల, కొండరెడ్ల, గోండుల ఫోటోలు, ఆ కాలంలో అమ్మిన పిక్చర్ పోస్టుకార్డులు, ఇంకా మన ఇళ్ళలో ఉన్నవి. పద్ధతి అన్నిటికీ ఒకటే.

కావలసినవి

– ఫోటో ప్రింటు, లేదా దాని పెద్ద స్కాన్. ప్రింటు చేతిలో ఉంటే 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి. అట్ట మీద అతికించిన చిన్న ఫోటో అయితే 1200 పెట్టండి.
– ప్రింటును చేత్తో చూస్తుంటే ఒక భూతద్దం.
– ఫోటోని పెద్దది చేసి చూసే ఏ యాప్ అయినా సరే. రంగుల ఛానెళ్ళు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు) విడదీసి చూపించేది ఉంటే ఇంకా మంచిది, గింప్ ఉచితంగా దొరుకుతుంది.
– నోట్‌బుక్, పెన్సిల్. ఫోటో దగ్గర పెన్ను వద్దు.
– కాగితం ముక్క ఒకటి. దేనికో రెండో మెట్టులో చెప్తాను.

వద్దన్నవి కూడా చెప్పాలి. ఫోటోకి రంగులు వేసే యాప్‌లు, మసక ఫోటోని "స్పష్టం" చేసే ఏఐ యాప్‌లు ఈ పనికి అస్సలు వాడొద్దు. అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. మసగ్గా ఉన్న పూసల దండని చక్కటి గొలుసుగా మార్చేస్తాయి, ముక్కు పక్కన ఉన్న మచ్చని ముక్కుపుడక చేస్తాయి. అలా తయారైన బొమ్మలు ఇప్పటికే ఎన్నో తిరుగుతున్నాయి, వాటిని చూసి నగలు చేయించుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. మీకు దొరికిన ఫోటో రంగుల్లో ఉంటే నలుపు–తెలుపు మూలం దొరికేదాకా ఆగండి.

1. ముందు ఫోటోని వస్తువుగా చూడండి

వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, తపాలా ముద్ర, ఏది ఉన్నా ఫోటో తీసి పెట్టుకోండి. సుమారు రెండున్నర అంగుళాలు బై నాలుగు అంగుళాల అట్ట మీద ఉంటే అది 1860ల నుంచి బాగా వాడుకలో ఉన్న విజిటింగ్ కార్డు సైజు. సుమారు నాలుగుంబావు బై ఆరున్నర ఉంటే కేబినెట్ కార్డు, అది 1866 తర్వాత వచ్చింది. గోధుమ రంగుకి తిరిగి, తెల్లని భాగాలు పసుపెక్కి ఉంటే గుడ్డు తెల్లసొనతో చేసే ఆల్బుమెన్ ప్రింటు అయ్యే అవకాశం ఎక్కువ, అంటే చాలావరకు 19వ శతాబ్దం. నల్లని భాగాలు వెండిలా మెరుస్తుంటే జెలటిన్ ప్రింటు.

జాగ్రత్త: పాత నెగెటివ్ నుంచి కొత్త ప్రింటు ఎప్పుడైనా వేయొచ్చు. కాబట్టి అట్ట వయసు ప్రింటు వయసే చెబుతుంది, బట్టల వయసు కాదు.

2. కింద రాసినదాన్ని కాగితంతో కప్పేయండి

ఆ కాగితం ముక్క ఇందుకే. స్కాన్ అయితే ఆ భాగం కత్తిరించిన కాపీ చేసుకోండి. "లంబాడీ స్త్రీ" అని చదివిన తర్వాత చేతి గాజులు దంతంవిగానే కనిపిస్తాయి, ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా అంతే.

3. తల నుంచి కాలిదాకా, పేర్లు పెట్టకుండా రాయండి

అందరూ తొందరపడేది ఇక్కడే. "వంకీ పెట్టుకుంది" అని రాయకండి. "మోచేతి పైన, ముందుకు కోణంగా వంగిన లోహపు నగ, ఎడమ చేతికి ఒకటే కనబడుతోంది" అని రాయండి. పేరు తర్వాత పెట్టొచ్చు. మొదటే పేరు పెట్టేస్తే ఆ పేరుకి సరిపడని వివరాలు కంటికి ఆనవు.

వరస ఇలా పెట్టుకుంటే ఏదీ తప్పిపోదు: జుట్టు, తల మీద బట్ట, పాపిట, నుదురు, చెవి పైభాగం, చెవి తమ్మె, ముక్కు (రెండు పక్కలూ, మధ్య దూలమూ), మెడకి అంటుకున్నవి, గుండెల మీదకి జారినవి, భుజం, దండచేయి (మోచేతి పైభాగం), ముంజేయి, మణికట్టు, వేళ్ళు, నడుము, చీలమండ, కాలివేళ్ళు. ప్రతిదానికీ ఎన్ని, ఏ ఆకారం, ఏ పక్క. కనబడకపోతే "కనబడలేదు" అని రాయండి. "లేదు" అని రాయకండి. పైట కింద ఏముందో ఫోటోకి తెలియదు కదా.

మగవాళ్ళ నగలు వదిలేయకండి. చెవి పోగులు, చేతి కడియం, మొలతాడు, వేళ్ళ ఉంగరాలు వాళ్ళకీ ఉంటాయి. పాత ఫోటోల గురించి రాసేవాళ్ళలో సగంమంది మగవాళ్ళ దగ్గరకొచ్చేసరికి తలపాగా ఒక్కటి రాసి ఊరుకుంటారు.

4. రంగు దగ్గర మోసపోకండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఉండాలి, ఎందుకంటే తప్పుల్లో పెద్ద తప్పులన్నీ ఇక్కడే పుడతాయి.

1850ల నుంచి 1880ల దాకా కెమెరాలో ఫిల్ములా వాడిన కొలోడియన్ గాజు పలకలు నీలి కాంతినే పట్టుకునేవి. ఎరుపు, పసుపు వాటికి దాదాపు చీకటే. తర్వాత వచ్చిన ఆర్థోక్రోమాటిక్ పలకలు ఆకుపచ్చని, కొంత పసుపుని పట్టుకున్నాయి గానీ ఎరుపు అప్పటికీ నల్లగానే వచ్చేది. అన్ని రంగులూ పట్టుకునే పాన్‌క్రోమాటిక్ పలకలు 1906లో అమ్మకానికి వచ్చినా అందరి చేతికీ అందడానికి చాలా ఏళ్ళు పట్టింది. దీన్నిబట్టి పాత ఫోటో చూసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

ఎర్ర చీర నల్లగా కనబడుతుంది. నీలిమందు అద్దిన బట్ట అసలుకన్నా బాగా పాలిపోయి కనబడుతుంది, ఒక్కోసారి తెల్లబట్టే అనిపిస్తుంది. కుంకుమ బొట్టు నల్లచుక్కలా ఉంటుంది, చామనఛాయ నుదుటి మీదైతే పూర్తిగా కలిసిపోయి కనబడకుండానూ పోతుంది. పసుపు రాసుకున్న ముఖం, పాదాలు నల్లబడతాయి. విభూతి మాత్రం తెల్లగా నిలుస్తుంది.

పచ్చబొట్టు సంగతి ఇంకా ముఖ్యం. చర్మం కింద అది నీలంగా, నీలి–ఆకుపచ్చగా కనబడే రంగు. నీలాన్ని తెలుపుగా పట్టే పలక మీద అది చర్మంలో కలిసి మాయమైపోతుంది. న్యూజిలాండ్ మావోరీల ముఖాల మీది పచ్చబొట్లు కొలోడియన్ ఫోటోల్లో కనబడకుండా పోవడం అందరికీ తెలిసిన ఉదాహరణ. మన్యం వైపు ఖోండు స్త్రీల ముఖాల మీద గీతల పచ్చబొట్లు ఉండేవి. కాబట్టి 19వ శతాబ్దం ఫోటో చూసి "వీళ్ళకి పచ్చబొట్టు అలవాటు లేదు" అని ఎప్పుడూ తేల్చకండి.

ఇంకొకటి, ఇది మనుషుల గౌరవానికి సంబంధించింది. అదే పలక గోధుమరంగు చర్మాన్ని అసలుకన్నా ముదురుగా చూపిస్తుంది. ఆ ఫోటో పక్కన "బాగా నల్లనివారు" అని రాసి ఉంటే, మీరు దాన్ని మళ్ళీ రాసే ముందు అది మనిషి రంగా, పలక రంగా అని ఆలోచించండి.

దగ్గరగా ఒకటి చూద్దాం. విశాఖ మన్యం, కోరాపుట్ వైపు గదబ స్త్రీలు చెట్టు నార కలిపి నేసిన కెరంగు బట్ట కట్టేవారు, ఎరుపు, నీలం, తెలుపు అడ్డచారలతో. చెవులకు ఇత్తడి తీగని చుట్టలు చుట్టలుగా తిప్పిన పెద్ద రింగులు, కొన్ని భుజాల దాకా దిగేవి. ఇప్పుడు ఈ బట్టని పాత పలక మీద ఊహించుకోండి. ఎరుపు నల్లగా వస్తుంది, నీలం తెల్లచారలో కలిసిపోతుంది, మూడు రంగుల బట్ట రెండు రంగులదై కూర్చుంటుంది. ఆ ఫోటో ఒక్కదాన్నే నమ్మి మగ్గం మీద నేయిస్తే వచ్చేది ఇంకేదో బట్ట. అందుకే నోట్సులో "నలుపు–తెలుపు చారలు" అని రాయకండి, "ముదురు, లేత చారలు" అని రాయండి. ముదురు, లేత. ఈ రెండే మీరు ఖాయంగా చెప్పగలిగేవి.

చిన్న చిట్కా: పసుపెక్కి పాలిపోయిన ప్రింటు అయితే రంగుల్లో స్కాన్ చేసి, నీలం ఛానెల్ ఒక్కటే తెరిచి చూడండి. మామూలుగా కనబడని పూసలు, అంచులు తేలతాయి. ఇది ఉన్నదాన్నే చూపిస్తుంది, కొత్తగా ఏమీ కలపదు.

5. కట్టు చూడండి, చీర కాదు

బట్ట కొనొచ్చు, మార్చొచ్చు, ఫోటోకోసం అరువు తెచ్చుకోవచ్చు. కట్టు మాత్రం ఒంటికి అలవాటైనది, అంత తేలిగ్గా మారదు. అందుకే నగకన్నా కట్టే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

చూడాల్సిన చోట్లు నాలుగు. కుచ్చెళ్ళు ముందున్నాయా, పక్కకున్నాయా. పైట ఏ భుజం మీద, ముందు నుంచి వెనక్కి పోయిందా, వెనక నుంచి ముందుకొచ్చిందా. తల మీద కొంగు ఉందా. కాళ్ళ మధ్య నుంచి వెనక్కి గోచీ దోపారా. ఈ నాలుగోది ఎదుటి నుంచి తీసిన ఫోటోలో నేరుగా కనబడదు. పిక్కల దగ్గర చూడండి. గోచీ కట్టులో బట్ట ప్రతి కాలినీ విడిగా చుడుతుంది, మోకాళ్ళ మధ్య మడతలు లోపలికి పోతాయి, కింద అంచు పంచెకట్టులా రెండుగా చీలుతుంది. గోచీ లేని కట్టులో కింది అంచు ఒకే గీత. ఆదిలాబాదు గోండు స్త్రీల ఫోటోల్లో పక్కనున్న మరాఠా పల్లెల గోచీ కట్టు కనబడుతుంది, చెంచు స్త్రీల ఫోటోల్లో మైదానం తెలుగువాళ్ళ చీర, రవిక కనబడతాయి. అంటే కట్టు చాలాసార్లు ఇరుగుపొరుగునీ ప్రాంతాన్నీ చెబుతుంది, తెగని కాదు.

రవిక లేకపోతే "పేదరికం" అని రాసేయకండి. ఎన్నో కులాల్లో, కలిగిన ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళు రవిక వేసుకునేవాళ్ళు కాదు.

6. నగలకు ఇప్పుడు పేర్లు పెట్టండి

లోహం ఏదో తేల్చడం కష్టం. వెండి లేతగా, బంగారం ముదురుగా రావాలి, కానీ మెరుపు పడిన చోట రెండూ తెల్లగానే ఉంటాయి. బంగారానికీ ఇత్తడికీ తేడా పాత ఫోటోలో దాదాపు తెలియదు. ఒంటి మీద ఎక్కడుందన్నది కొంత సాయం చేస్తుంది: కాళ్ళకు బంగారం పెట్టుకోకూడదన్న పట్టింపు మన చాలా ఇళ్ళల్లో ఉంది గనక కడియాలు, అందెలు, మట్టెలు వెండివో కంచువో అయ్యే అవకాశం ఎక్కువ. తెల్లటి వెడల్పు గాజులు దంతం, ఎముక, శంఖం, వెండి ఏదైనా కావచ్చు. మెరుపు గీత సన్నగా పదునుగా ఉంటే లోహం, మెత్తగా పరుచుకుంటే దంతమో ఎముకో. చిన్న పూసల దండలు చూసి "విదేశీ పూసలు" అని తేల్చొద్దు, తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో గాజుపూసలు తరతరాలుగా చేస్తున్నారు.

పేర్లు పెట్టేటప్పుడు ఆ మనుషుల భాషలోని పేరే ముందు రాయండి. లంబాడీ స్త్రీల ఫోటో అయితే ఫేటియా, కాంచళి, టుక్రి, జుట్టుకి రెండు పక్కలా వేలాడే ఘుగ్రి, టోప్లి. వీటిని "లంగా, జాకెట్టు, ఓణీ, చెంపసరాలు" అని మార్చేస్తే సమాచారం పోతుంది. ఘుగ్రి, టోప్లి పెళ్ళైన స్త్రీల గుర్తులు, చెంపసరాలకి ఆ అర్థం లేదు. బట్ట మీద పేలిపోయినట్టున్న తెల్లమచ్చలు కనబడితే అవి పాడైన పలక మచ్చలని తుడిచేయకండి, అద్దాలు ఎండకి అలాగే మెరుస్తాయి.

పెళ్ళి గుర్తుల దగ్గర తొందర వద్దు. పుస్తెలు, నల్లపూసలు, మట్టెలు కనబడితే కనబడ్డాయని రాయండి. కనబడకపోతే, బొట్టు లేకపోతే, చీర తెల్లగా ఉంటే "వితంతువు" అనేస్తారు చాలామంది. బొట్టు ఎందుకు కనబడదో పైన చెప్పాను, తెల్లచీర నీలం కావచ్చనీ చెప్పాను. పైగా మారుమనువు మామూలైన కులాలు మనకి బోలెడు, విధవకట్టుబాట్లు అందరికీ ఒకటి కావు.

7. ఫోటో తిరగబడిందేమో చూడండి

నెగెటివ్‌ని తిప్పి ప్రింటు వేస్తే కుడి ఎడమ తారుమారు. జంధ్యం ఎడమ భుజం మీంచి కుడి నడుముకి ఉండాలి, దానికి తిరగేసి ఉంటే అనుమానించండి (పితృకార్యంలో తీసిన ఫోటో అయితే తప్ప). కత్తి ఎడమ నడుముకి వేలాడాలి. వెనక బోర్డు మీద అక్షరాలుంటే పని తేలిక. పైట కుడి భుజం మీద ఉందని మాత్రం ఫోటో తిప్పేయకండి, కుడిపైట వేసుకునేవాళ్ళు ఉండేవాళ్ళు.

8. ఇది రోజువారీ వేషమా?

ఇక్కడ ప్రశ్న ఒకటే: ఫోటో తీయనప్పుడు కూడా ఈ మనిషి ఇలాగే ఉంటారా?

స్టూడియో అయితే వెనక పరదా, కుర్చీ, పూలకుండీ చూడండి. అదే ఫోటోగ్రాఫర్ తీసిన మిగతా ఫోటోలు కూడా తెరిచి పక్కపక్కన పెట్టండి. ఇద్దరు ముగ్గురు వేర్వేరు స్త్రీల మెడలో ఒకే హారం కనబడితే ఆ నగ స్టూడియోదే అనుకోవచ్చు. ఇంట్లో తీయించుకున్న ఫోటో అయితే ఇంట్లో ఉన్న నగలన్నీ ఆ రోజు ఒంటి మీదకొస్తాయి, అది మన అలవాటే. దీన్‌దయాళ్ హైదరాబాదులో 1892లో ఘోషా స్త్రీలకోసం ఒక ఇంగ్లీషు మహిళ నడిపే ప్రత్యేక స్టూడియో పెట్టారు. అలాంటి చోటికి తయారై వెళ్ళిన వేషం వంటింటి వేషం కాదు.

కొలతల ఫోటోలు వేరే రకం. మనిషి నిటారుగా ఒకసారి ఎదుటి నుంచి, ఒకసారి పక్క నుంచి, వెనక గళ్ళ తెర ఉంటే అది ఒంటి కొలతలకోసం తీసింది. 1869లో లాంప్రే అనే ఆయన దారాలతో రెండంగుళాల గళ్ళు కట్టిన తెరని ప్రచారంలోకి తెచ్చాడు. అలాంటి ఫోటోల్లో బట్టలు తీయించి నిలబెట్టడం మామూలు. ఆ ఫోటోలో తక్కువ బట్టలున్నాయని వాళ్ళ దుస్తులు అంతేనని రాయడం ఆ మనిషికి రెండోసారి చేసే అన్యాయం.

పండగ వేషం మూడోది. ఆదిలాబాదు గోండుల దండారీ పండగలో, దీపావళి రోజుల్లో, గుస్సాడీలనే నాట్యగాళ్ళు నెమలి ఈకల పెద్ద తలపాగా పెడతారు, ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, మెడలో పూసలు, కాళ్ళకు గజ్జెలు. ఆ ఫోటో కింద "గోండు పురుషుడు" అని ఉంటే, చూసినవాళ్ళు గోండులు రోజూ అలా ఉంటారనుకుంటారు. దానికి దైవకార్యమనే పేరు, నియమాలూ ఉన్నాయి. మీ నోట్సులో "గుస్సాడీ వేషం, దండారీ కాలం" అని తప్పక రాయండి.

9. కాలం తేల్చండి

నాకు అన్నిటికన్నా నమ్మకమైనది రూపాయి బిళ్ళల దండ. వెండి రూపాయికి కొక్కెం అతికించి గుచ్చుకోవడం మన ప్రాంతంలో, ముఖ్యంగా లంబాడీ స్త్రీలలో, బాగా ఉండేది. బాగా పెద్దది చేసి బిళ్ళ మీది తల చూడండి. కిరీటంతో స్త్రీ ఉంటే విక్టోరియా, ఆ నమూనా 1862 నుంచి. కిరీటం లేని గడ్డపు మగతల అయితే ఏడో ఎడ్వర్డ్, 1903 నుంచి 1910. కిరీటంతో గడ్డపు మగతల అయితే అయిదో జార్జి, 1911 తర్వాత. కిరీటం ఉండి గడ్డం లేకపోతే ఆరో జార్జి, 1938 తర్వాత. అక్షరాలు చదవక్కర్లేదు, కిరీటం, గడ్డం తెలిస్తే చాలు.

దీన్నెలా వాడాలంటే: ఫోటో ఆ బిళ్ళ వచ్చిన ఏడాదికి ముందుది కాదు. అంతే. ఆ ఏడాదిదే అనకండి, అమ్మమ్మ దండని మనవరాలు కూడా వేసుకుంటుంది. దండలో అన్నిటికన్నా కొత్త బిళ్ళ ఏదో అదే లెక్క.

ఆ బిళ్ళ కొలబద్దగానూ పనికొస్తుంది. రూపాయి వెడల్పు సుమారు మూడు సెంటీమీటర్లు. తెర మీద బిళ్ళ ఎంత, పక్కనున్న కంటె (మెడకి పెట్టుకునే గట్టి వంపు నగ) మందం ఎంత అని కొలిస్తే కంటె అసలు మందం దాదాపుగా తెలుస్తుంది. అయితే అది రూపాయేనా, అర్ధరూపాయా అని ముందు తేల్చుకోండి. కాసులపేరుతో కలపకండి, అందులోవి చిన్న బంగారు కాసులు, వాటి మీద ఎక్కువగా లక్ష్మి ఉంటుంది.

మిగతా గుర్తులు త్వరగా: గాంధీ టోపీ ఉంటే 1920 ప్రాంతం తర్వాత. చేతి గడియారం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే మామూలైంది. నడిచే మనిషి మసగ్గా, నిలబడ్డ మనిషి స్పష్టంగా ఉంటే పలక నెమ్మదైనది, అంటే ఫోటో బాగా పాతది కావచ్చు.

10. ఇప్పుడు కాగితం తీసి, కింద రాసినది చదవండి

మీ నోట్సుతో సరిపోతే మంచిదే. సరిపోకపోతే ఎవరు రాశారు, ఎప్పుడు, ఎందుకు అని అడగండి. 1868–75 మధ్య లండన్‌లో ఎనిమిది సంపుటాలుగా అచ్చయిన "ద పీపుల్ ఆఫ్ ఇండియా"లో ఒక్కో మనిషి ఒక మొత్తం కులానికి నమూనా అయిపోయాడు. హైమెండార్ఫ్ పరిస్థితి వేరు, ఆస్ట్రియావాడు, యుద్ధం వల్ల హైదరాబాదు రాష్ట్రంలో ఉండిపోయి, గోండుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ ఉన్న మార్లవాయి ఊళ్ళో ఇప్పటికీ వాళ్ళ పేరు చెప్పుకుంటారు. ఆయన రాసిన మాటల్ని పోస్టుకార్డు కంపెనీ రాసిన మాటలతో సమానంగా తూచలేం. అయినా ఆయనదీ బయటివాడి చూపే, అది మర్చిపోవద్దు.

వెతికేటప్పుడు పాత పేర్లన్నీ వేయండి. లంబాడీ, సుగాలి, బంజారా, బ్రింజారీ ఒకళ్ళకే పెట్టిన పేర్లు. కోయలు పాత కాగితాల్లో "కోయి" అని ఉంటారు, తెలుగువాళ్ళు "జెంటూ" అని ఉంటారు. వీటిలో కొన్ని ఇప్పుడు ఎవరూ ఒప్పుకోని పేర్లు. వెతకడానికి వాడండి, రాసేటప్పుడు వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరు వాడండి.

11. సరిచూసుకోవడం

మూడు రకాల సాక్ష్యం కావాలి, కనీసం రెండు. ఒకటి అసలు వస్తువు: హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లోని నెహ్రూ సెంటినరీ ట్రైబల్ మ్యూజియం, అరకు గిరిజన మ్యూజియం, చెన్నై ఎగ్మూరు మ్యూజియం. రెండు, అదే ప్రాంతం, అదే కాలం ఇతర ఫోటోలు: హైమెండార్ఫ్ ఫోటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఆన్‌లైన్ సేకరణలో ఉన్నాయి. ఒకే నగ ఒకే ఫోటోగ్రాఫర్ దగ్గర పదిసార్లు కనబడినా అది ఒక్క సాక్ష్యమే, ఇంకో ఫోటోగ్రాఫర్ దగ్గర కూడా కనబడాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ సమాజంలో ఇప్పుడున్న పెద్దవాళ్ళు. ఫోటో తీసుకెళ్ళి "ఇది మీ తెగ నగేనా?" అని మొదలుపెట్టకండి, వాళ్ళు మొహమాటానికి అవుననేస్తారు. ఫోటో చేతికిచ్చి "అవ్వా, ఇందులో ఏం కనబడుతోంది?" అని అడిగి ఊరుకోండి. మనం చూడనిది వాళ్ళు ముందు చూస్తారు: కొప్పు ముడి వేసిన పక్క, పూసలు గుచ్చిన వరస, పెళ్ళికూతురా కాదా అన్నది. తమవాళ్ళనే గుర్తుపట్టినా పట్టొచ్చు. అలా గుర్తుపడితే ఫోటో కాపీ వాళ్ళకివ్వండి, పేరు ఎక్కడైనా రాయాలంటే వాళ్ళని అడిగి రాయండి. ఒంటి మీద బట్ట లేకుండా నిలబెట్టి తీసిన ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టకండి. అవసరమైతే నగ ఉన్న భాగం వరకే కత్తిరించి వాడండి.

మీ చదువు ఎంత గట్టిదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మీ నోట్సుని, ఫోటో చూడని ఒక మనిషికిచ్చి, దాన్నిబట్టి బొమ్మ గీయమనండి. బొమ్మ బాగుండక్కర్లేదు. గాజులు ఎక్కడ గీయాలో, పైట ఎటు తిప్పాలో వాళ్ళు మిమ్మల్ని అడిగారంటే అక్కడ మీరు చూడకుండానే రాశారన్నమాట.

12. రాసి పెట్టడం

మూడు గడులు పెట్టుకోండి: కనబడుతున్నది, కావచ్చు, తెలియదు. ఉదాహరణకి ఇలా:

కనబడుతున్నది – మధ్యవయసు స్త్రీ, నిలబడి ఉన్నారు. ముదురు రంగు చీర, లేత అంచు. పైట ఎడమ భుజం మీద. పిక్కల దగ్గర బట్ట రెండుగా చీలింది. మెడకి అంటుకుని మందమైన వంపు నగ ఒకటి, దాని కింద నాణేల దండ, ఆరు బిళ్ళలు కనబడుతున్నాయి, ఒకదాని మీద కిరీటం లేని గడ్డపు మగతల. రెండు కాళ్ళకీ కడియాలు. నుదురు మసక.

కావచ్చు – గోచీ కట్టు. మెడది కంటె. చీర ఎరుపు గానీ ముదురాకుపచ్చ గానీ. ఫోటో 1903 తర్వాతది. కడియాలు వెండివి.

తెలియదు – పేరు, ఊరు, కులం. బొట్టు ఉందో లేదో. అట్ట మీద "రైతు స్త్రీ" అని ఇంగ్లీషులో ఉంది, ఎవరు రాశారో తెలియదు.

మూడో గడి పొడుగ్గా ఉంటే సిగ్గుపడక్కర్లేదు, దాన్ని తుడిచేసి రెండో గడిలోవి మొదటి గడిలోకి జరపడమే తప్పు. తేదీ వేయండి, స్కాన్ ఫైలు పేరు వేయండి. తర్వాత ఎవరైనా వచ్చి "అది కంటె కాదు" అంటే పాతది కొట్టేయకుండా కింద కొత్త వరస రాయండి, ఎవరు చెప్పారో, ఏది చూసి చెప్పారో కూడా.